రెండో గేరు మొరాయించిన ఆరు రోజులు

ఇంటికొచ్చి వారం దాటింది, ఎడమ మోకాలు ఇంకా సలుపుతూనే ఉంది. అది తగ్గేలోపు రాసేస్తే మంచిదని కూర్చున్నాను, తగ్గాక అంతా సరదాగా జరిగినట్టే అనిపిస్తుంది మరి.

మా వ్యాన్ 2007 మోడల్ డీజిల్ బండి. పదేళ్లు పెళ్లి బృందాలను మోసింది, ఆ తర్వాత స్కూలు పిల్లలను మోసింది, చివరికి నా చేతికొచ్చింది. 2 లక్షల 80 వేలు పెట్టి కొన్నాను. సీట్లు పీకించి ప్లైవుడ్ మంచం, చిన్న గ్యాస్ స్టవ్, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు పెట్టించాను. అమ్మ దానికి పెట్టిన పేరు ఇనప్పెట్టె. అమ్మ రానంది కాబట్టి నాన్న వచ్చారు. ఆయన ఆర్టీసీలో 31 ఏళ్లు స్టీరింగు తిప్పిన మనిషి, కానీ రెండు నెలల కిందటే కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఇప్పుడప్పుడే బండి నడపొద్దన్నారు డాక్టరు. "స్టీరింగు నీది, నోరు నాది" అంటూ ఎక్కి పక్క సీట్లో కూర్చున్నారు. ఆరు రోజులూ మాట తప్పలేదు.

డిసెంబరు 10, కాకినాడ నుంచి మారేడుమిల్లి

జగ్గంపేట మీదుగా గోకవరం చేరేసరికి ఏడున్నర. పెసరట్టు ఉప్మా తిన్నాం, ప్లేటు 50 రూపాయలు, అల్లం పచ్చడి మాత్రం ఎంతడిగితే అంత వేశాడు. ఆ మత్తులోనే కావచ్చు, రంపచోడవరం వైపు తిరగాల్సింది పోయి కోరుకొండ రోడ్డెక్కేశాను. నాలుగు కిలోమీటర్లు పోయాక నాన్న "ఇటు వెళ్తే మళ్లీ రాజమండ్రి వస్తుందమ్మా" అన్నారు, చాలా నెమ్మదిగా. ముందే తెలుసు ఆయనకి, చూద్దామని ఊరుకున్నారు.

వెనక్కి తిప్పుదామని రివర్స్ వేస్తే గర్రుమని అరిచింది. మళ్లీ వేశాను, మళ్లీ అదే. కిళ్లీ కొట్టు దగ్గరున్న నలుగురూ లేచి వచ్చి నిలబడ్డారు, ఒకాయన "క్లచ్ ప్లేటు పోయిందండి" అన్నాడు, ఇంకొకాయన "గేర్ బాక్స్ దించాలి" అన్నాడు, మూడో ఆయన తన బావమరిది షెడ్డు ఎక్కడుందో చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. "పెడల్ రెండుసార్లు గబగబా కొట్టి, మూడోసారి తొక్కి పట్టుకుని వెయ్యి" అన్నారు. మెత్తగా పడింది.

దారిలో విడమరిచి చెప్పారు. మా బండిలో రివర్స్‌కి సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపే రింగు, లేదు, క్లచ్ పూర్తిగా విడిపోకపోతే ముందు అరిచేది అదే, ఆ తర్వాత ఫస్ట్ గేరు గట్టిపడుతుంది. పంపు కొట్టినట్టు కొడితే గేరు పడుతోందంటే ప్లేటు బాగానే ఉంది, దాన్ని తోసే ఆయిలే ఎక్కడో కారుతోంది, లేదా గాలి చేరింది.

రంపచోడవరంలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు వ్యాన్ కిందకి దూరి క్లచ్‌ని తోసే స్లేవ్ సిలిండర్ మీదున్న రబ్బరు టోపీ వెనక్కి లాగగానే చెంచాడు ఆయిల్ బయటికొచ్చింది. "ఇదే అక్కా" అన్నాడు. లోపల ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పు అరిగిపోయింది. కిట్ 180, ఆయిల్ సీసా 150, కూలి 300, గాలి తీయడంతో కలిపి గంట పట్టింది. అంతా అయ్యాక ఆ కుర్రాడు సిలిండరు లోపల వేలు పెట్టి చూపించాడు. "లోపలి బోరు గోడ గీతలు పడింది, కప్పు ఒక్కటే మారిస్తే ఎన్నాళ్లో ఆగదు, కొత్త సిలిండర్ వేయించుకోండి. ఇక్కడ దొరకదు, రాజమండ్రి నుంచి రేపు తెప్పిస్తా" అన్నాడు. రేపంటే ఒకరోజు పోతుంది. వద్దులే తమ్ముడూ అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి, ఆరో రోజు దీనితో పని పడుతుంది.

మారేడుమిల్లిలో రాత్రి బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులు కుక్కి మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క వేయరు. మాకు పడింది 350. కాల్చే ఆవిడ బొంగుని చెవి దగ్గర పెట్టుకుని విని "ఇంకా ఉడకలేదు" అని మళ్లీ నిప్పుల మీద పెట్టేసింది. నాన్న అది చూసి తెగ మురిసిపోయారు. "చూశావా, ఆవిడకున్న చెవి నీకుంటే మన గేర్ బాక్స్ ఇలా అయ్యేది కాదు" అన్నారు.

డిసెంబరు 11, చింతూరు ఘాట్

క్లచ్ బాగుపడింది, రివర్స్ బంగారంలా పడుతోంది, ఇక కష్టాలన్నీ తీరాయనుకున్నాను. ఘాట్‌లో మొదటి మలుపు దగ్గర మూడు నుంచి రెండుకి దించబోతే గర్ర్. మళ్లీ అదే చప్పుడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగా. ఆ కుర్రాడు మోసం చేశాడనుకున్నాను కూడా.

"వాడినేం అనకు. ఇది వేరే జబ్బు" అన్నారు నాన్న. ఫస్ట్, రివర్స్ బాగా పడుతున్నాయి, థర్డ్, ఫోర్త్ కూడా పడుతున్నాయి, రెండోది ఒక్కటే, అదీ పైనుంచి కిందికి దించేటప్పుడే అరుస్తోందంటే క్లచ్‌కి సంబంధం లేదు, రెండో గేరు సింక్రో రింగు అరిగింది. అదొక ఇత్తడి రింగు, లోపల సన్నటి గీతలుంటాయి. గేరు పక్కనున్న కోన్ మీద రాసుకుని దాని వేగాన్ని మనం వేయబోయే వేగానికి కలుపుతుంది, అప్పుడు పళ్లు చప్పుడు లేకుండా కలుస్తాయి. గీతలు అరిగితే కోన్ మీద జారిపోతుంది, వేగాలు కలవకుండానే పళ్లు తగులుతాయి, అదే ఆ అరుపు.

"మరి ఇప్పుడు?"

"మేం ఉద్యోగంలో చేరినప్పుడు బస్సులకి సింక్రోలు ఎక్కడున్నాయి? చేత్తో, కాలితో మేమే కలిపేవాళ్లం."

అలా మొదలైంది డబుల్ క్లచ్ పాఠం. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదిలెయ్యాలి, ఆ న్యూట్రల్లోనే ఆక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా ఇవ్వాలి, ఇంజను పైకి లేచిన క్షణంలో మళ్లీ క్లచ్ తొక్కి రెండులో వెయ్యాలి. రాస్తే ఇంతే. మలుపులో, ఎదురుగా లారీ వస్తుండగా, రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఒకేసారి చెయ్యడమంటే తబలా నేర్చుకున్నట్టు ఉంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అరిచింది. అరిచిన ప్రతిసారీ నాన్న పంటి నొప్పి వచ్చినట్టు మొహం పెట్టేవారు, మాట మాత్రం అనలేదు. ఇరవయ్యో ఇరవై అయిదోసారికి చప్పుడే లేకుండా లోపలికి జారింది. గేరు పడలేదేమో అనుకుని క్లచ్ నెమ్మదిగా వదిలితే బండి లాగుతోంది! అప్పుడు నాన్న జేబులోంచి కాకినాడ కాజా పొట్లం తీసి ఒకటి నా నోట్లో పెట్టారు. ఎప్పటినుంచి దాచారో, మెత్తబడిపోయింది.

చింతూరులో శబరి వంతెన దాటి భోజనం చేశాం. చేపల పులుసు భోజనం 120. పడుకున్నదీ అక్కడే, ఒక పెట్రోల్ బంకు ఆవరణలో, అడిగితే కాదనలేదు.

డిసెంబరు 12, మోతుగూడెం మీదుగా సీలేరు

ఈ దారి గురించి ఎక్కువమంది రాయరు, ఎందుకో తెలియదు. మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం, ఆపైన డొంకరాయి, ఇంకా పైన సీలేరు. మధ్యలో అడవి, అడవి, మళ్లీ అడవి. ఏటికి అవతలి గట్టు చాలాచోట్ల ఒడిశా. రోడ్డు సన్నం, ఎదురుగా బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. రివర్స్ బాగైనందుకు ఆ రంపచోడవరం కుర్రాడికి మనసులో దండం పెట్టుకున్నాను.

డొంకరాయి దాటాక ఒక దిగుడులో ఆక్సిలరేటర్ వదలగానే టక్‌మని చప్పుడైంది, గేరు రాడ్డు దానంతటదే మూడులోంచి న్యూట్రల్‌కి వచ్చేసింది. బండి ఒక్కసారి తేలికైపోయి పరుగెత్తింది. ఆ భయం ఎలాంటిదంటే, మేడ దిగుతుంటే లేని మెట్టు మీద కాలు వేసినట్టు. బ్రేకు తొక్కి ఆపి, మళ్లీ వేసి కదిలితే రెండు మలుపులయ్యాక మళ్లీ టక్.

నేను చేసిన తెలివైన పని ఏంటంటే, చున్నీ తీసి గేరు రాడ్డుని సీటు కడ్డీకి కట్టేశాను. నాన్న ముందు నవ్వి, తర్వాత నిజంగానే కోప్పడ్డారు. రాడ్డుని అలా లాగి ఉంచితే లోపల గేరుని జరిపే ఫోర్కు స్లీవ్‌కి ఒరుసుకుని అదీ అరుగుతుందట, గేరు మీద చెయ్యి వేసుకుని నడిపే అలవాటూ అందుకే మంచిది కాదట. "ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. రెండులో దిగు, అది ఎగరట్లేదుగా" అన్నారు. ఇరవై దాటకుండా దిగాం. సాయంత్రానికి సీలేరు.

చెక్ పోస్టు దగ్గర పోలీసులు గంజాయి కోసం వ్యాన్ మొత్తం వెతికారు. ఆ రోడ్డులో అది మామూలే, తిట్టుకోవడానికేం లేదు. పరుపు ఎత్తారు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టారు, ఆవకాయ సీసా మూత తీసి వాసన చూశారు. ఆవకాయ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపే ఆగారు.

డిసెంబరు 13, చింతపల్లి, లంబసింగి

గూడెం కొత్తవీధి ఇవతల ఒక ముసలావిడ చీపురు కట్టలతో చెయ్యెత్తింది, ఎక్కించుకున్నాం. లోపల స్టవ్వూ మంచం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాన్నతో, "ఇల్లట్టుకుని తిరుగుతన్నారేటి బాబూ, ఇల్లు లేదా మీకు?" అంది. దిగేటప్పుడు డబ్బులివ్వబోయింది, వద్దంటే రెండు చీపుర్లు లోపల పడేసి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు ఊడుస్తున్నది వాటితోనే.

ఆవిడ దిగాక నాన్న గేరు రాడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు, చాలాసేపు. "ఆక్సిలరేటర్ తొక్కు. వదులు. మళ్లీ తొక్కు" అన్నారు. తొక్కితే రాడ్డు వెనక్కి, వదిలితే ముందుకి, బెత్తెడు ఊగుతోంది. అంటే గేర్ బాక్స్ మొత్తం కదులుతోంది, కింద మౌంటింగు రబ్బరు తెగిపోయి ఉంటుంది. డబ్బా ఒకవైపు, రాడ్డు ఒకవైపు లాగుతుంటే గేరు ఊడి రాక ఏం చేస్తుంది?

చింతపల్లిలో మెకానిక్ ఊళ్లో లేడు. టైర్ల పంక్చర్ వేసే ఆయన "చూద్దాం రండి" అని జాకీ పెట్టాడు. రబ్బరు ఇనప ప్లేటు నుంచి పూర్తిగా విడిపోయింది, చేత్తో లాగితే చేతికొచ్చింది. ఆయన పాత లారీ టైరు ముక్క కోసి, కొలిచి, మళ్లీ కోసి, ఎర్రగా కాల్చిన చువ్వతో రంధ్రాలు పెట్టి బోల్టులు బిగించాడు. పని చేస్తున్నంతసేపూ అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న ఈ ఊరి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయిన సంగతి చెప్తూనే ఉన్నాడు, మొన్న ఆదివారం జరిగినట్టు, తానే పక్కన ఉన్నట్టు. మొత్తం మూడొందలు తీసుకున్నాడు. ఆ తర్వాత మూడో గేరు ఒక్కసారి కూడా ఎగరలేదు. ఆ టైరు ముక్క ఇప్పటికీ బండి కిందే ఉంది, మార్చబుద్ధి కాలేదు.

రాత్రి లంబసింగిలో పడక. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, ఇంకో పేరు కొర్రబయలు. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతారని ఆ పేరట. వ్యాన్ లోపల పడుకున్నా పెద్ద తేడా లేదు.

డిసెంబరు 14, పాడేరు, అరకు

పొద్దున్నే మంచు చూడ్డానికి జనం కార్లలో దిగుతుంటే మేం రెండో గేరు వేయడానికి కుస్తీ పడుతున్నాం. అరవడం కూడా లేదు, అసలు పోదే! ఒకటి నుంచి నేరుగా మూడుకి వేస్తే ఇంజను ఆయాసపడుతోంది. చలికి లోపల ఆయిల్ బిగుసుకుంది, నాలుగైదు కిలోమీటర్లు పోతే గానీ దారికి రాలేదు.

నాన్నకి అనుమానమొచ్చి "ఈ ఆయిల్ ఎప్పుడు మార్చావ్?" అని అడిగారు. బయల్దేరే ముందు నేనే మార్పించాను, అదీ ఖరీదైంది. మిగిలిన డబ్బా మంచం కిందే ఉంది. తీసి చదివారు: గేరు ఆయిల్ రకం జీఎల్-5. మా బండి పుస్తకంలో ఉన్నది జీఎల్-4. నాలుగు కంటే అయిదు పెద్దది కదా, మంచిదే అయ్యుంటుందని కొన్నాను, ఇంత చదువుకున్నదాన్ని. జీఎల్-5 ముఖ్యంగా డిఫరెన్షియల్ లాంటి చోట్ల పోసేది. అందులో ఒత్తిడి తట్టుకోవడానికి కలిపే గంధకం మందు ఎక్కువ, కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి, పైగా జారుడెక్కువ. సింక్రో పనిచేసేదే రాపిడి మీద, అక్కడ జారుడు పెంచితే ఇంకేముంది.

పాడేరులో 80డబ్ల్యూ-90 జీఎల్-4 దొరికింది, రెండున్నర లీటర్లు, కూలితో కలిపి పదకొండొందలు. పాత ఆయిల్ పళ్లెంలోకి దించి ఎండలో పెట్టి చూస్తే బంగారు పొడి చల్లినట్టు మెరుస్తోంది. కింది బోల్టుకున్న అయస్కాంతానికి ఇనప రజను పట్టుకుంటుంది గానీ ఈ పొడి పట్టదు. అదంతా నా రెండో గేరు రింగే. నాన్న వేలికి రాసుకుని చూసి, తుడుచుకుని, టీ తాగుదాం పద అన్నారు.

కొత్త ఆయిల్‌తో సగం నయం. అరుపు పోలేదు గానీ డబుల్ క్లచ్‌కి లొంగుతోంది. అరకు దారంతా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, మధ్యలో కోతకొచ్చిన వలిసె చేలలో అక్కడక్కడ మిగిలిన పసుపు పూలు. కాఫీ 20 రూపాయలు, రెండేసి తాగాం. బొంగు చికెన్ ఇక్కడ అడుగడుగునా అమ్ముతున్నారు, తిన్నాం కూడా, మారేడుమిల్లి ముందు దిగదుడుపే. ఇక్కడ ఎవరూ బొంగుని చెవి దగ్గర పెట్టుకుని వినట్లేదు.

డిసెంబరు 15, అనంతగిరి ఘాట్

గాలికొండ దాటాక మొక్కజొన్న పొత్తులకి ఆగాం. తిరిగి ఎక్కి క్లచ్ తొక్కితే పెడల్ నేలకంటుకుని అక్కడే ఉండిపోయింది. కింద చూస్తే మడుగు. రంపచోడవరం కుర్రాడు చెప్పింది చెప్పినట్టే అయింది, గీతలు పడిన బోరు కొత్త కప్పుని అయిదు రోజుల్లో కొరికేసింది. కొత్త సిలిండర్ కోసం ఒక్కరోజు ఆగి ఉంటే సరిపోయేది.

మిగిలిన సీసా పోసి పంపు కొడితే ఒక్కసారి పనిచేసి మళ్లీ పడిపోయింది. పొత్తులమ్మే ఆయన పాపం స్కూటర్ కోసం ఉంచుకున్న ఇంజనాయిల్ తెచ్చిచ్చాడు. నాన్న చేతులు జోడించి వద్దన్నారు, అది పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోయి పెడల్ దగ్గరుండే పై సిలిండరు కూడా పోతుంది. తర్వాత ఆయన మొదట చూసింది బ్రేకు. బ్రేకు ఆయిల్ డబ్బా వేరే, నిండుగానే ఉంది. రెండింటికీ ఒకటే డబ్బా అయ్యుంటే అక్కడే ఉండిపోయేవాళ్లం.

"క్లచ్ లేకుండా దిగుదాం. నీకు వచ్చు" అన్నారు. నాకు రాదన్నాను. "వారం నుంచి నువ్వు నేర్చుకున్నదేంటి మరి?"

ఇంజను ఆపి, రెండో గేరు వేశాను, ఆగి ఉన్నప్పుడు పడుతుంది కాబట్టి. చక్రం కింద రాయి తీయమని పొత్తులాయనకి చెప్పి, తాళం తిప్పితే వ్యాన్ ఒక్క కుదుపు కుదిపి, ఇంజనూ బండీ కలిసే కదిలాయి. అంతే, ఇక కిందికంతా రెండులోనే. ఘాట్‌లో ఇదొక్కటే సుఖం, గేరు మార్చే పనే లేదు. వెనక కార్లవాళ్లు హారన్లు కొడితే నాన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి, పాతికేళ్ల కిందటి ఆర్టీసీ సైగలతో వాళ్లని ముందుకి పంపించేశారు.

కష్టం కిందికి దిగాక వచ్చింది. చదును రోడ్డు మీద రెండులో ఎంతసేపు? ఆక్సిలరేటర్ వదిలి, బరువు తగ్గిన క్షణంలో న్యూట్రల్‌కి లాగి, ఇంజను చప్పుడు దిగేదాకా విని... "ఇప్పుడు" అన్నారు నాన్న. గర్ర్. "తొందరపడ్డావ్. మళ్లీ." రెండోసారి ఆయన ఇప్పుడు అనేలోపే నా చెయ్యి తోసేసింది, పడింది. ఆయన మాట మధ్యలోనే మింగేశారు. శృంగవరపుకోట ఇంకో రెండు కిలోమీటర్లుందనగా మేకల మంద అడ్డం వచ్చింది, ఆపితే ఇంజను గేర్లోనే ఆగిపోయింది, మళ్లీ ఫస్ట్ వేసి తాళం తిప్పి కుదుపుతో కదిలాం. మేకలు కాసే పిల్లాడు ఆ కుదుపు చూసి పడీ పడీ నవ్వాడు.

కోటలో కొత్త స్లేవ్ సిలిండర్, కూలి, ఆయిల్ కలిపి 1,950. షెడ్డు పక్క హోటల్లో రాత్రి పది గంటలకి చపాతీ, బంగాళాదుంప కూర. మర్నాడు మధ్యాహ్నానికి కాకినాడ.

గేర్ బాక్స్ మొన్న దించారు. రెండో గేరు రింగు, పక్కనున్న స్లీవు మార్చారు, ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా, మొత్తం 16,400. జీఎల్-5 వల్లే పోయిందా అని అడిగితే, లేదమ్మా, రింగు ఎప్పుడో అరిగింది, మీ ఆయిల్ కాస్త తొందరపెట్టింది అన్నాడు మెకానిక్. పాత రింగు నాన్న అడిగి తెచ్చుకున్నారు, లోపల వేలు తిప్పితే అద్దంలా నున్నగా ఉంది. రెండు రోజులు టీవీ పక్కన పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించారు. మూడో రోజు అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమి, దేవుడి గూట్లో రాగి చెంబు కింద కుదురుగా పెట్టేసింది. సరిగ్గా కొలిచి చేయించినట్టు సరిపోయింది.